సర్పంచ్ పోటీకి పార్టీ మద్దతు అడిగాను: నా అనుభవం

2021 పంచాయతీ ఎన్నికలప్పుడు మా ఊరి సర్పంచ్ పదవి జనరల్‌కి వచ్చింది. కులం రిజర్వేషన్ లేదు, మహిళా రిజర్వేషన్ లేదు. ఊళ్లో ఓటుండి 21 ఏళ్లు నిండినవాళ్లు ఆడైనా మగైనా నిలబడొచ్చు. ఆ జాబితా బయటికొచ్చిన సాయంత్రమే రామాలయం అరుగు మీద లెక్కలు మొదలయ్యాయి. ఎవరెవరి పేర్లు నడుస్తున్నాయో రాత్రికల్లా మా ఇంటిదాకా వచ్చాయి. అన్నీ మగవాళ్ల పేర్లే. "ఈసారి మన ఆడాళ్లది పోయిందిగా" అంది మా పక్కింటి పిన్ని. పోవడం ఏంటి పిన్నీ, మహిళా సీటులో మగవాళ్లు నిలబడకూడదు గానీ జనరల్ సీటులో మనం నిలబడకూడదని ఎక్కడా లేదు అన్నాను. ఆవిడకి నమ్మకం కలగలేదు. చాలామందికి కలగలేదు.

మాది కోనసీమలో వైనతేయ పాయకి దగ్గరగా ఉండే ఊరు. ఊరి పేరు, పార్టీ పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు. ఇది ఒక్క పార్టీ సంగతి కాదు. పక్క మండలంలో అవతలి పార్టీని మద్దతు అడిగిన నా స్నేహితురాలు తనకి ఎదురైన ప్రశ్నలు చెబుతుంటే, అవి నన్ను అడిగినవే.

ఈ మద్దతు వ్యవహారం తెలియనివాళ్లకి కాస్త చెప్పాలి. మన దగ్గర గ్రామ పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరగవు. ఎంపీటీసీ, జడ్పీటీసీలకైతే పార్టీ బీ-ఫారం ఇస్తుంది, పార్టీ గుర్తు వస్తుంది. సర్పంచ్‌కి, వార్డు మెంబరుకి ఎన్నికల సంఘమే వేరే గుర్తులు కేటాయిస్తుంది. కానీ ఎవరు ఏ పార్టీ మనిషో ఊళ్లో తెలియనిది ఎవరికి? పేపర్లో కూడా 'ఫలానా పార్టీ బలపరిచిన అభ్యర్థి' అనే రాస్తారు. బీ-ఫారానికి కనీసం కాగితం ఉంటుంది, దాని మీద సంతకం ఉంటుంది. సర్పంచ్ మద్దతుకి అవేమీ ఉండవు. నలుగురు ఒక గదిలో కూర్చుని నోటిమాటగా తేల్చేస్తారు. ఎవరు అడిగారు, ఎవరికి ఇచ్చారు, ఇవ్వనివాళ్లకి ఎందుకు ఇవ్వలేదు, ఇదంతా ఎక్కడా రాసి ఉండదు. అడిగి నిలదీయడానికి మన చేతిలో ఏమీ ఉండదు.

నేను ఎందుకు అడగాలనుకున్నానో చెప్పాలంటే 2013కి వెళ్లాలి.

73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చి పంచాయతీల్లో మహిళలకి మూడో వంతుకు తక్కువ కాకుండా సీట్లు ఇచ్చింది. తర్వాత మన రాష్ట్రం దాన్ని సగానికి పెంచింది. సగం సీట్లతో జరిగిన మొదటి పంచాయతీ ఎన్నికలు 2013 జూలైలో, ఉమ్మడి రాష్ట్రంలో జరిగాయి. అప్పుడు మా ఊరు జనరల్ మహిళకి వచ్చింది. ఆ రోజు పార్టీవాళ్లు కూర్చుని ముందు ఒక మగమనిషిని ఎంచారు. ఆ తర్వాత నామినేషన్ కాగితాల మీద రాయడానికి ఆయన భార్య పేరు అడిగారు. ఆవిడ మా డ్వాక్రా గ్రూపు సభ్యురాలు. తను సర్పంచ్‌గా నిలబడుతున్నానని ఆవిడకి తెలిసింది ఆ రాత్రి అన్నం వడ్డిస్తున్నప్పుడు.

మొదటి ఏడాది పంచాయతీ ఆఫీసులో కుర్చీలో ఆయనే కూర్చున్నారు. ఆవిడ ఇంట్లోనే సంతకాలు పెట్టేవారు. రెండో వేసవిలో మారిపోయింది.

మా వైపు బోరు వేస్తే ఉప్పునీళ్లు. తాగడానికి కాలవ నీళ్లే దిక్కు. వేసవిలో కాలవలు కట్టేసేలోపు మంచినీళ్ల చెరువు నిండకపోతే మళ్లీ నీళ్లు వదిలేదాకా ట్యాంకర్ల కోసం బిందెలు పట్టుకుని నిలబడాల్సిందే. ఆ ఏడు కాలవ చివర ఉన్న మా తూము దగ్గరికి నీళ్లు ఎక్కడం లేదు. పైన చేపల చెరువులవాళ్లు ఇంజన్లు పెట్టి తోడేస్తున్నారు. ఆయన ఫోన్లు చేశారు, ఎవరూ వినలేదు. ఒక మధ్యాహ్నం ఆవిడే చీర చెంగు నడుముకి దోపుకుని గట్టు మీదకి వచ్చి, మా గ్రూపులవాళ్లందరినీ పిలిచారు. వంతులు వేసుకున్నాం. రాత్రీ పగలూ కాలవ గట్టు మీద మనిషి ఉండేటట్టు చూసుకున్నాం. ఆవిడ కాలవ నీళ్లు చూసే లస్కరుతో మాట్లాడి, ఇరిగేషన్ ఆఫీసుకి స్వయంగా వెళ్లి అర్జీ ఇచ్చి, ఇంజన్లు తీయించారు. చెరువు నిండింది. తర్వాత ఫిల్టర్ బెడ్లలో ఏళ్ల తరబడి మార్చని ఇసుక తీయించారు. నేను అక్కడే ఉన్నాను. పైపొర పారతో తీస్తుంటే నల్లగా, జిగటగా, బురదలా వచ్చింది. ఆవిడ గుప్పెడు చేతిలోకి తీసుకుని వాసన చూసి, "ఇదేనా మనం పిల్లలకి తాగిస్తున్నది" అన్నారు. పక్కనే నిలబడ్డ సెక్రటరీ ఏమీ అనలేకపోయారు.

ఆ తర్వాత ఆవిడ ఆఫీసుకి రావడం మానలేదు. మినిట్స్ పుస్తకం చదవకుండా సంతకం పెట్టలేదు. ఆయన కూడా కాలక్రమంలో అలవాటు పడ్డారు. ఈ సంగతి మా ఊరిదే కాదని తర్వాత ఒక వ్యాసంలో చదివాను. రాఘవేంద్ర ఛటోపాధ్యాయ, ఎస్తేర్ డఫ్లో పశ్చిమ బెంగాల్, రాజస్థాన్ పంచాయతీల మీద చేసి 2004లో ప్రచురించిన అధ్యయనంలో, మహిళలకి రిజర్వు అయిన పంచాయతీల్లో తాగునీటి మీద ఎక్కువ ఖర్చు పెట్టారని తేలింది. మా చెరువు గట్టు మీద కూర్చున్నవాళ్లకి అది కొత్త కాదు.

2018లో పదవీకాలం అయిపోయింది. 2021 దాకా ఎన్నికలు లేవు, ప్రత్యేక అధికారుల పాలన నడిచింది. ఎన్నికలు వచ్చేసరికి, అయిదేళ్లు ఊరు నడిపిన మనిషి ఊళ్లోనే ఉండగా ఒక్కరంటే ఒక్కరు ఆవిడ పేరు తలవలేదు. సీటు జనరల్ అయింది కాబట్టి ఆవిడ అనుభవం లెక్కలోకే రాలేదు. అదే అయిదేళ్లు చేసినది ఒక మగాయన అయితే 'మాజీ సర్పంచ్ గారు' అని ముందు ఆయన ఇంటికే వెళ్లేవారు. నాకు బాగా బాధ కలిగించింది ఇదే. మీరు అడగండి అక్కా అంటే, "నాకు ఇప్పుడు ఒంట్లో బాగోడం లేదమ్మా. నువ్వు అడుగు. నీ వెనకాల నేను ఉంటాను" అన్నారు.

నాకు గ్రామ సమాఖ్యలో లీడర్‌గా చేసిన అనుభవం ఉంది. బ్యాంకు లింకేజీ రుణాలు ఎవరికి ఎంత ఉన్నాయో, ఎవరింట్లో పింఛను ఆగిందో, ఏ వీధిలో డ్రైను పొంగుతుందో నాకు తెలుసు. 2019లో పార్టీ తరఫున బూత్ పని చేశాను. ఓటర్ల జాబితా పట్టుకుని ఇల్లిల్లూ తిరిగిందాన్ని. మా ఆయనకి చిన్న కొబ్బరి వ్యాపారం. ఆయనకి చెబితే "నీ ఇష్టం, నువ్వు చేయగలవు" అన్నారు. వార్డువారీగా ఎన్ని ఓట్లు ఉన్నాయి, ఎవరు మనవైపు వస్తారు, ఏ పనులు ముందు చేయాలి అని ఒక నోటు పుస్తకంలో రాసుకున్నాను. ఊరి పార్టీ పెద్దగారి ఇంటికి వెళ్లి, బాబాయిగారూ, సర్పంచ్‌కి నేను నిలబడతానండి, మద్దతు ఇవ్వండి అని అడిగాను. ఆయన ఒక్క క్షణం ఆగి, "మీ ఆయన్ని ఒకసారి పంపమ్మా, మాట్లాడతాను" అన్నారు.

మాట్లాడాల్సింది నాతోనండి అన్నాను. సరే, ఆదివారం మిల్లు దగ్గర కూర్చుంటున్నాం, రా అన్నారు. ఆదివారం ఎన్నింటికో చెప్పే ఫోను మాత్రం మా ఆయనకే వచ్చింది. నా నంబరు వాళ్లందరి దగ్గరా ఉంది. డ్వాక్రా మీటింగుకి జనాన్ని తీసుకురమ్మని చెప్పాల్సినప్పుడల్లా ఆ నంబరుకే చేసేవారు.

రైస్ మిల్లు ఆఫీసు గదిలో పదిమంది దాకా ఉన్నారు. నేను తప్ప ఆడమనిషి లేదు. బల్ల మీద ఒక తెల్లకాగితం మీద అడిగినవాళ్ల పేర్లు రాసుకున్నారు. మగవాళ్ల పేర్లు ఇంటిపేరుతో సహా ఉన్నాయి. నా పేరు లేదు, 'ఫలానా గారి మిసెస్' అని ఉంది. ఆ కాగితం చూడగానే కడుపులో ఏదో తిప్పినట్టయింది. పెన్ను ఇమ్మని అడిగి నా పేరు నేనే రాశాను.

తర్వాత ప్రశ్నలు. వరసగా గుర్తున్నాయి. మీ ఆయన ఒప్పుకున్నాడా? ఎంత పెట్టగలరు, ఆయన ఎంత తేగలడు? రాత్రి పదింటికి ఏదన్నా తగువొస్తే, తాగి కొట్టుకుంటే, నువ్వు వెళ్తావా? ఎమ్మార్వో ఆఫీసు, పోలీస్ స్టేషన్ తిరగాలి, తిరగగలవా? అమ్మాయి ఇంటర్‌లో ఉంది కదా, ఈ టైములో ఇల్లు ఎవరు చూస్తారు? నేను ఒక్కోదానికీ జవాబు చెప్పాను. స్టేషన్‌కి ఎన్నోసార్లు వెళ్లాను, మా గ్రూపులో ఒకమ్మాయిని మొగుడు కొడితే అర్ధరాత్రి తీసుకెళ్లింది నేనే అని చెప్పాను. నోటు పుస్తకం తీసి వార్డుల లెక్క చూపించబోతే, "అవన్నీ తర్వాత చూద్దాంలేమ్మా" అన్నారు.

నా తర్వాత ఇంకో ఆయన వంతు. నన్ను వెళ్లమనలేదు కాబట్టి అక్కడే కూర్చుని విన్నాను. ఆయన మంచి మనిషే, పనిమంతుడే. నా అభ్యంతరం ఆయన మీద కాదు. ఆయన్ని అడిగినవి: ఏ వార్డులో మనకెంత బలం ఉంది? అవతల ఎవరు నిలబడొచ్చు? లంక వైపు ఓట్లు ఎలా తెస్తావు? అంతే. ఆ నెలలోనే వాళ్లమ్మాయి పెళ్లి. ఇల్లు ఎవరు చూస్తారని ఆయన్ని ఎవరూ అడగలేదు. మీ ఆవిడ ఒప్పుకుందా అని అడగలేదు. నా నోటు పుస్తకంలో ఉన్న జవాబులకి తగిన ప్రశ్నలన్నీ ఆయనకి వెళ్లాయి. ఆయన నోటితో ఉజ్జాయింపుగా చెప్పారు, సరిపోయింది.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. పదివేల లోపు జనాభా ఉన్న పంచాయతీలో సర్పంచ్ అభ్యర్థి ఖర్చు పరిమితి ఆ ఎన్నికల్లో ₹1.5 లక్షలు. ఆ గదిలో వినపడ్డ అంకెలు దానికి ఎన్నో రెట్లు. అంత డబ్బు ఒక్కరాత్రిలో తేవాలంటే పేరు మీద పొలం ఉండాలి, వడ్డీకి ఇచ్చేవాడు నమ్మాలి. మా ఊళ్లో పొలం పట్టాలు ఎంతమంది ఆడవాళ్ల పేరు మీద ఉన్నాయో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఎంత పెట్టగలవు అన్న ఒక్క ప్రశ్నతోనే సగం మంది ఆడవాళ్లు గుమ్మంలోనే ఆగిపోతారు. పైగా అడుగుతున్నది చట్టం వద్దన్న ఖర్చు గురించి.

చివర్లో పెద్దాయన ఒకరు, మనస్ఫూర్తిగానే, నచ్చజెబుతున్నట్టుగా అన్నారు: "వచ్చేసారి లేడీస్‌కి వస్తుందమ్మా, అప్పుడు నీకే. ఇప్పుడు వాళ్లది వాళ్లకి ఉండనీ." ఈ మాటే అసలు రోగం. మహిళలకి ఇంతకి తగ్గకూడదని చట్టం గీసిన గీత, ఆ గదిలోకి వచ్చేసరికి ఇంతకి మించకూడదన్న గీత అయిపోయింది. రిజర్వు సీటు మీది, మిగతా సీటు మాది అని పంచేసుకున్నారు. ఆ పంపకంలో మా సంతకం ఎవరూ అడగలేదు. ఇక రిజర్వు సీటైనా నిజంగా మాకు వస్తుందా అంటే, 2013లో ఏం జరిగిందో పైన రాశాను. ఒక గదిలో భర్తని ఎంచి, భార్య పేరు కాగితం మీద రాసుకున్నారు. సర్పంచ్‌ల బదులు భర్తలు అధికారం చెలాయించడం గురించి కేంద్ర పంచాయతీరాజ్ శాఖ 2023లో ఒక సలహా కమిటీ వేసింది. మంచిదే. కానీ ఎన్నికయ్యాక ఆఫీసు కుర్చీలోకి వచ్చే భర్త గురించే అందరూ మాట్లాడతారు. ఆయన అంతకుముందే, మద్దతు తేల్చే గదిలోనే వచ్చి కూర్చుంటున్నాడు.

నాకు ఎవరూ జవాబు చెప్పలేదు. ఇస్తామనీ అనలేదు, ఇవ్వమనీ అనలేదు. పాలకేంద్రం దగ్గర నిలబడి ఉండగా ఎవరో అంటుంటే విన్నాను, ఆయనకే ఖాయం చేశారని. నన్ను వార్డు మెంబరుగా వేసుకోమని మా ఆయనకి ఫోన్ చేసి చెప్పారు.

అప్పుడు మేం అయిదారుగురం ఆడవాళ్లం, మాజీ సర్పంచ్ అక్కతో కలిసి మండల నాయకుడి దగ్గరికి వెళ్లాం. నాకు ఇవ్వకపోతే ఇవ్వకండి, ఎందుకు ఇవ్వలేదో చెప్పండి అని అడిగాను. ఆయన మర్యాదగానే కూర్చోబెట్టి, కాఫీ ఇప్పించి, "జనరల్ సీట్లో ఆడవాళ్లకి జనం ఓట్లెయ్యరమ్మా. మాకేం మీరంటే కోపమా? గెలుపు చూసుకోవాలి కదా" అన్నారు. అక్క వెంటనే, "జనం వెయ్యరని మీకు ఎలా తెలుసండీ? మీరు ఎప్పుడన్నా నిలబెట్టి చూశారా?" అని అడిగారు. ఆయన దగ్గర జవాబు లేదు. మా మండలంలో జనరల్ సీటులో ఒక ఆడమనిషికి ఆ పార్టీ మద్దతు ఇచ్చిన సందర్భం ఆయనకి ఒక్కటీ గుర్తు రాలేదు.

ఈ ఓట్లెయ్యరు అనే మాటని నేను తర్వాత బాగా పట్టించుకుని చదివాను, ఎందుకంటే అన్ని పార్టీలవాళ్లూ చెప్పే కారణం అదే. ముంబయి కార్పొరేషన్ మీద రిఖిల్ భావ్నానీ అనే పరిశోధకుడు చేసిన పని 2009లో అచ్చయింది. 1997లో మహిళలకి రిజర్వు అయి, 2002 నాటికి రిజర్వేషన్ పోయిన వార్డుల్ని ఆయన పరిశీలించారు. అంతకుముందు ఎన్నికల్లో రిజర్వు కాని వార్డులతో పోలిస్తే, రిజర్వేషన్ ఉండి పోయిన వార్డుల్లో స్త్రీ గెలిచే అవకాశం దాదాపు అయిదు రెట్లు ఉంది. ఒకసారి ఆడమనిషి పాలన చూసిన జనం మళ్లీ వేస్తున్నారు, ఆడవాళ్లు గెలవగలరని పార్టీలకీ తెలిసొస్తోంది. మా ఊరూ సరిగ్గా అలాంటిదే, 2013లో రిజర్వు అయి 2021లో జనరల్ అయిన ఊరు. కానీ ఆ అవకాశం జనం దాకా రావాలంటే ముందు మిల్లు గది దాటాలి.

నేను నామినేషన్ వేశాను. అక్కే ప్రతిపాదించారు. ఆస్తుల వివరాలు, కేసులు లేవని డిక్లరేషన్, ఇంటిపన్ను రసీదు, అన్నీ సర్దుకుని వెళ్లేసరికి గది బయట అందరూ మా వైపే చూస్తున్నారు. అప్పట్లో ఇద్దరికి మించి పిల్లలుంటే పోటీ చేయకూడదన్న నిబంధన కూడా ఉండేది, 2024 నవంబరులో తీసేశారు. ఆ నిబంధన వల్ల మా గ్రూపులో మంచి మాటకారి, లెక్కల మనిషి ఒకామె అసలు నిలబడడానికే కుదరలేదు. ఎంతమంది పిల్లలన్నది ఆమె ఒక్కతే నిర్ణయించిన విషయం కాదు.

ఇక ఏకగ్రీవం. ఏకగ్రీవంగా ఎన్నుకున్న పంచాయతీలకి ఆ ఎన్నికల్లో ప్రభుత్వం ప్రోత్సాహకాలు ప్రకటించింది. రెండువేల నుంచి అయిదువేల మధ్య జనాభా ఉంటే ₹10 లక్షలు. అవతలి పార్టీవాళ్లు ఉప సర్పంచ్ పదవి, కొన్ని వార్డులు మాట్లాడుకుని పోటీలోంచి తప్పుకున్నారు. మిగిలింది ఆయనా నేనూ. ఉపసంహరణ గడువు దాకా మా ఇంటికి వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట: "నీ ఒక్కదాని వల్ల ఊరికి పది లక్షలు పోతాయి." చుట్టాలు చెప్పారు, గుడి కమిటీవాళ్లు చెప్పారు, మా అమ్మాయికి ట్యూషన్ చెప్పే మాస్టారు చెప్పారు. మా ఆయన కొబ్బరి కొనే దగ్గర కూడా చెప్పారు. ఏకగ్రీవం కావాలంటే ఇద్దరిలో ఎవరు తప్పుకున్నా అవుతుంది. ఆయన ఇంటికి వెళ్లి మీరు తప్పుకోండి అని చెప్పినవాళ్లు ఒక్కరు కూడా లేరు. ఆ రెండు మూడు రాత్రులు నాకు నిద్ర లేదు, చచ్చేంత టెన్షన్. మా అత్తగారు మాత్రం, "ద్రాక్షారామం దువ్వూరి సుబ్బమ్మగారు జైలుకే వెళ్లొచ్చారు. నువ్వు బడి దాకా వెళ్లి ఓట్లు అడగలేవా" అన్నారు. ఆవిడ పెద్దగా చదువుకోలేదు. స్వాతంత్ర్యోద్యమంలో జైలుకెళ్లిన సుబ్బమ్మగారి పేరు చిన్నప్పుడు వాళ్ల నాన్న చెప్పగా విన్నారట.

నేను తప్పుకోలేదు. పోలింగ్ జరిగింది, ఓడిపోయాను. చెరువు వైపు వార్డుల్లో, మా పేటలో నాకే ఎక్కువ పడ్డాయి. మిగతాచోట్ల పడలేదు. ఎందుకు పడలేదో ప్రచారంలో గడపగడపకీ తిరిగినప్పుడే తెలిసింది. ఆడదానివి కాబట్టి వెయ్యం అని నా ముఖం మీద అన్నవాళ్లు బహు తక్కువ. ఎక్కువమంది అన్నది వేరు: "నీకే వెయ్యాలని ఉందమ్మా. కానీ పార్టీ మద్దతు లేని మనిషి గెలిస్తే రేపు రోడ్డు రాదు, పింఛను రాదు." జనం చూసింది మద్దతునే. మద్దతు ఇచ్చేవాళ్లేమో జనం వెయ్యరు కాబట్టి ఇవ్వం అంటారు. ఈ రెండు మాటలూ కలిపి చూస్తే ఎవరు ఎవర్ని ఆపుతున్నారో తెలుస్తుంది.

అసెంబ్లీ, లోక్‌సభల్లో మహిళలకి మూడో వంతు ఇచ్చే 106వ రాజ్యాంగ సవరణ 2023లో ఆమోదం పొందింది. జనగణన, నియోజకవర్గాల పునర్విభజన తర్వాత గానీ ఆ సీట్లు రావన్నది అందులోనే ఉంది. అది వచ్చినా ఇదే గది ఇంకా పెద్దదవుతుంది, అంతే. రిజర్వు కాని సీటులో మద్దతు ఎలా ఇవ్వాలో ఏ పార్టీకీ ఏ చట్టమూ చెప్పడం లేదు. కాబట్టి ఆ పని మనమే పార్టీలతో చేయించుకోవాలి.

2021లో గెలిచిన పంచాయతీల అయిదేళ్ల గడువు లెక్క చూసుకుని మా మండలంలో కొన్ని ఊళ్ల ఆడవాళ్లం కూర్చున్నాం. వాళ్లలో రెండు పార్టీలవాళ్లూ ఉన్నారు, ఏ పార్టీ లేనివాళ్లూ ఉన్నారు. సీట్లలో ఇన్ని మాకివ్వండి అని అడుగుదామని కొందరు అన్నారు. అదీ న్యాయమే. కానీ నేను పట్టుబట్టింది ఆ గదిలో ఏం జరుగుతుందన్న దాని మీద. చివరికి ఒక కాగితం తయారైంది. మద్దతు అడిగినవాళ్లందరినీ, ఆడైనా మగైనా, ఒకే ప్రశ్నలు అడగాలి, అవి ముందే రాసి ఉండాలి. ఇల్లు ఎవరు చూస్తారని అడిగితే అందరినీ అడగాలి, లేదంటే ఎవరినీ అడగకూడదు. ఖర్చు గురించి అడిగితే చట్టం చెప్పిన పరిమితి లోపలే అడగాలి. కబురు, ఫోను అడిగిన మనిషికే రావాలి గానీ ఆమె భర్తకో కొడుక్కో కాదు. తేల్చేచోట ఆ ఊరి ఆడవాళ్లు కూడా కూర్చోవాలి, కనీసం ముగ్గురన్నా. ఇంతకుముందు సర్పంచ్‌గా చేసిన మహిళలు ఊళ్లో ఉంటే, సీటు ఏ రిజర్వేషన్‌కి వచ్చినా ముందు వాళ్లని పిలిచి అడగాలి. మహిళా సీటైతే నిలబడే ఆమెతోనే మాట్లాడాలి. ఇవ్వనివాళ్లకి ఎందుకు ఇవ్వలేదో రెండు వాక్యాలైనా రాసి ఇవ్వాలి.

ఆ చివరి షరతు దగ్గరే చిక్కు వచ్చింది. రెండు పార్టీల మండల నాయకులకీ ఇచ్చాం. ఒకాయన కాగితం తీసుకుని, ముట్టినట్టు సంతకం పెట్టి, పైవాళ్లని అడిగి చెప్తానన్నారు. రెండో ఆయన కూర్చోబెట్టి మొత్తం చదివించుకున్నారు. ఒకే ప్రశ్నలు సరే అన్నారు. ఆడవాళ్లు కూర్చోవడం సరే అన్నారు. "రాసి ఇవ్వడం కుదర్దమ్మా. కాగితం మీద పెడితే రేపు అది పట్టుకుని తిరుగుతారు" అన్నారు. తిరగడానికే అడుగుతున్నామండి అని చెప్పాను. ఆ ఒక్కదాని మీద ఇంకా మాటలు నడుస్తున్నాయి.

మా ఊరు ఈసారి దేనికి వస్తుందో తెలీదు. మాజీ సర్పంచ్ అక్క ఇప్పుడు కోలుకున్నారు. దేనికి వచ్చినా, తను నిలబడడానికి వీలున్న సీటైతే ముందు తనే అడుగుతానన్నారు. ప్రతిపాదించే సంతకం ఈసారి నాది. తన కొత్త ఫోన్ నంబరు ఇద్దరు నాయకులకీ ఆవిడే స్వయంగా వెళ్లి ఇచ్చి వచ్చారు.